మనకింకో బాస్ అవసరమా?

పోయిన నెల మా పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. డాలస్‌లో పుష్కరం పైనే ఉండి, ఈ మధ్యే హైదరాబాద్ తిరిగొచ్చేసిన మిత్రుడొకడు, టెక్సాస్‌లో తను పట్టిన లార్జ్‌మౌత్ బాస్ చేపని కింది దవడ పట్టుకుని పైకెత్తి నవ్వుతున్నాడు. కింద ఒక ప్రతిపాదన: "వీకెండ్ వస్తే ఇక్కడ మాల్, సినిమా, బిర్యానీ తప్ప ఏముంది? మన నిజాంసాగర్లోనో సింగూరులోనో ఈ చేపపిల్లలు ఒక లక్ష వదిలితే ఐదేళ్ళలో చూస్కో, టూరిజం, హోమ్‌స్టేలు, ఊళ్ళో వాళ్ళకి ఉద్యోగాలు. మీ కల్హేర్ వైపే మొదలెడదాం, ఏమంటావ్?"

గ్రూపులో అందరూ బొటనవేళ్ళు పైకెత్తేశారు. ఒకడు మాత్రం "ఆఫీసులో ఉన్న బాసులు చాల్లేదా, చెరువులో కూడానా?" అన్నాడు :)

నేనప్పుడు ఏమీ అనలేదు. అనలేక కాదు, రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదని. ఎందుకంటే ఈ విషయంలో నేను రెండు గట్ల మీదా నిలబడ్డవాణ్ణి. మాది కల్హేర్ దగ్గర ఒక చిన్న ఊరు. అప్పట్లో మెదక్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి సంగారెడ్డి జిల్లా. ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర, మధ్యలో మేము. చిన్నప్పుడు వెదురు కట్టెకి దారం కట్టి, నెమలి ఈకని బెండుగా వాడి, పేడకుప్ప కింద తవ్విన ఎర్రలు గుచ్చి చెరువు కట్ట మీద కూర్చున్న సెలవులు లెక్కలేనన్ని. తర్వాత ఉద్యోగం డాలస్ తీసుకెళ్ళింది. అక్కడ ఆరేళ్ళున్నాను. ఆ ఆరేళ్ళలో నాకు పట్టిన పిచ్చి, ఇదిగో, ఈ బాస్ చేపల పిచ్చే.

కాబట్టి మా వాడి ఉత్సాహం నాకు అర్థం కానిది కాదు. కానీ నా జవాబు మాత్రం "వద్దు". అమెరికా నుంచి తెచ్చుకోవాల్సింది ఒకటుంది గానీ, అది చేప కాదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఈ బాస్ సంగతి తెలియని వాళ్ళ కోసం. పేరుకి బాసే గానీ, శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది సన్‌ఫిష్ కుటుంబం చేప. ఒంటి పక్కన నల్లటి గీత, పేరుకు తగ్గట్టు పెద్ద నోరు. దవడ కంటిని దాటి వెనక్కి వెళ్తుంది. కలుపు మొక్కల్లో, మునిగిన మొద్దుల పక్కన కదలకుండా కాపు కాస్తుంది. కప్పో, చిన్న చేపో దగ్గరకొస్తే ఒక్క ఉదుటున మింగేస్తుంది. నీటి మీద రబ్బరు కప్పని లాగుతుంటే కింద నుంచి ఆ నోరు తెరుచుకుని వచ్చే క్షణం ఉంది చూశారూ, అది అనుభవించినవాడికి సోమవారం ఆఫీసు గుర్తుండదు.

అమెరికాలో ఇదొక పెద్ద పరిశ్రమ. అలబామాకి చెందిన రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు 1967లో ఆర్కన్సాస్‌లోని బీవర్ లేక్ మీద పోటీ పెట్టి దీన్నొక క్రీడగా మార్చేశాడు. పట్టిన చేపల్ని చంపకుండా తిరిగి నీళ్ళలో వదలాలన్న ఉద్యమాన్ని 1972లో మొదలుపెట్టిందీ ఆయనే. ప్రపంచ రికార్డు బాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైచిలుకు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా అనే ఆయన దాన్ని సమం చేశాడు.

ఇక్కడ ఆగండి. జపాన్‌లోనా? అమెరికా చేప అక్కడికెలా వెళ్ళింది?

మన మిత్రుడి లాంటి ఆలోచనే. 1925లో ఒక వ్యాపారవేత్త ఆషి అనే సరస్సులో వీటిని వదిలాడు. తినడానికీ పనికొస్తాయి, పట్టడానికీ సరదాగా ఉంటాయని ఆయన ఉద్దేశం. తర్వాత ఎవరికి తోచిన సరస్సులో వాళ్ళు వదులుకుంటూ పోయారు. దేశమంతా పాకింది. చివరికి 2003లో బివా సరస్సున్న షిగా రాష్ట్రం, పట్టిన బాస్‌ని మళ్ళీ నీళ్ళలో వదలడం నిషేధించింది. 2005లో కేంద్ర ప్రభుత్వమే చట్టం అమల్లోకి తెచ్చి, ప్రాణంతో ఉన్న బాస్‌ని పెంచడం, తరలించడం, దిగుమతి చేసుకోవడం నిషేధించిన జాబితాలో పెట్టేసింది. బాస్ చుట్టమైన బ్లూగిల్ కథ ఇంకా తమాషా. 1960లో అమెరికా వెళ్ళిన యువరాజు అకిహితోకి షికాగో మేయర్ వాటిని బహుమతిగా ఇచ్చాడు. ఆయన స్వయంగా చేపల శాస్త్రవేత్త, తీసుకెళ్ళి పరిశోధన సంస్థకిచ్చాడు. 2007 నాటికి ఆయన చక్రవర్తి. అప్పుడు బివా సరస్సు దగ్గర సభలో, ఈ చేప ఇలా పాకిపోయినందుకు మనసు బాధపడుతోందని అందరి ముందూ చెప్పుకున్నాడు. చక్రవర్తి అంతటివాడికే వెనక్కి తీసుకోవడం కుదర్లేదు.

గ్వాటెమాలాలో అటిట్లాన్ అని పెద్ద సరస్సుంది. 1960 ప్రాంతంలో అక్కడ బాస్‌ని వదిలింది సరిగ్గా టూరిజం కోసమే. అది అక్కడి చిన్న చేపల్నీ పీతల్నీ తినేసింది. ఒడ్డు పల్లెల్లో ఉండే ఆదివాసుల తిండి అవే. ఆ సరస్సులో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక నీటిపక్షి తిండీ అవే. 1990 నాటికి ఆ పక్షి జాతి అంతరించిపోయింది. నిజమే, ఒడ్డున రెల్లు నరికేయడం, భూకంపం తర్వాత నీటిమట్టం పడిపోవడం లాంటి కారణాలు కూడా ఉన్నాయి, బాస్ ఒక్కదాని మీదే తోసేయను. కానీ మొదటి దెబ్బల్లో దానిదొకటి.

"అవన్నీ చలి దేశాలు, మన ఎండలకి అది బతకదులే" అని గ్రూపులో ఒకరన్నారు. బతకకపోతే వదలడమెందుకు, దండగ. బతికితే ప్రమాదం. క్యూబా, ప్యూర్టో రికో లాంటి వేడి చోట్ల కూడా అది నిక్షేపంగా నిలదొక్కుకుంది.

పరాయి దేశాల దాకా ఎందుకు, మన కావేరిలో జరిగింది చూడండి. కావేరిలో నారింజ రంగు రెక్కలున్న పెద్ద మహశీర్ ఉండేది. ప్రపంచం నలుమూలల నుంచీ గాలం వేసేవాళ్ళు దాని కోసమే వచ్చేవారు. మహశీర్ తగ్గిపోతోందని, మంచి ఉద్దేశంతోనే, లోనావాలా హేచరీలో పెంచిన నీలిరెక్కల మహశీర్ పిల్లల్ని తెచ్చి కావేరిలో వదిలారు. అదీ మన దేశం చేపే, అదీ మహశీరే. కొన్నేళ్ళకి నదంతా నీలిరెక్కలదే అయిపోయి, అసలుది కనబడకుండా పోయింది. 2018లో దాన్ని అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఈ మార్పు ఎలా బయటపడిందో తెలుసా? గాలాల క్యాంపుల్లో ఏ రోజు ఏ చేప పడిందో రాసుకున్న లెక్కల పుస్తకాల్లోంచి! ఈ లెక్కల పుస్తకం సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు మురుగు చెరువుల్లో కూడా రాజ్యమేలుతోంది. అక్వేరియంలో ఇరుగ్గా ఉందని ఎవరో జాలిపడి చెరువులో వదిలిన దెయ్యం చేపలు మన మత్స్యకారుల వలలు చించుతున్నాయి. మన భాషలో చెప్పాలంటే, నదిలోకి కొత్త చేపని వదలడమంటే టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి పంపించడం. అందులోనూ రోల్‌బ్యాక్ లేని ప్రొడక్షన్. నిజాంసాగర్ అంటే ఒక తొట్టి కాదు కదా. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసి మంజీర మీద కట్టిన జలాశయం. ఆ మంజీర వెళ్ళి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ వదిలింది ఇక్కడే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

ఇంకో లెక్క కూడా చూడండి. 2016 నుంచి ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పథకం కింద బొచ్చె, రోహు, మ్రిగాల, బంగారు తీగ పిల్లల్ని చెరువుల్లో, జలాశయాల్లో వదుల్తోంది. అవి ఎదిగితే పట్టుకుని అమ్ముకునేది మత్స్య సహకార సంఘాల వాళ్ళు. చెరువులో చేప మీద హక్కు వాళ్ళది. మూడు నాలుగు అంగుళాల చేపపిల్లంటే బాస్‌కి బఫే. అంటే మన ఆదివారం సరదాకి మేత బిల్లు కట్టేది సొసైటీ వాళ్ళన్నమాట. వాళ్ళనెవరైనా అడిగారా?

సరే, వద్దన్నావు, మరి మన సరదా సంగతేంటి అంటారా? వస్తున్నా.

బాస్ చేసే పనులన్నీ చేసే చేప మనకి ఎప్పట్నుంచో ఉంది. కొర్రమీను. మా వైపు కొర్రమట్ట అంటాం. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. బాస్‌లాగే గడ్డి చాటున కాపు కాస్తుంది, కప్పని చూస్తే ఆగదు, ఎగిరి మీద పడుతుంది. డాలస్ నుంచి తెచ్చుకున్న నా రబ్బరు కప్పలు మా ఊరి చెరువులో మార్పేమీ లేకుండా పనిచేశాయి. పైగా దీనికి బాస్‌కి లేని విద్య ఒకటుంది. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. చెరువు ఎండితే బురదలోకి దూరి వాన కోసం ఎదురు చూడగలదు. ఇంత మొండి చేపని పెట్టుకుని పక్కింటి పుల్లకూరకి ఎగబడ్డట్టుంది మన సంగతి.

అయితే ఈ కొర్రమట్ట దగ్గరే నేనొక తప్పు చేశాను. దాచుకోకుండా చెప్తాను, అసలీ రాతంతా దాని గురించే.

రెండేళ్ళ కిందట, జూలైలో. మంచి వానలు పడి చెరువులోకి కొత్త నీళ్ళొచ్చాయి. ఆఫీసు నుంచి ముగ్గురం కారేసుకుని మా ఊరెళ్ళాం. మా వాళ్ళ రాడ్లు, రీళ్ళు, టోపీలు, నల్ల కళ్ళద్దాలు చూసి కట్ట మీద పిల్లలంతా గుమిగూడారు. కాసేపటికి గడ్డి పక్కన నీటి మీద ఎర్రగా, జల్లెడలో పప్పు కదిలినట్టు, ఒక గుంపు కనిపించింది. అవి కొర్రమట్ట పిల్లలు. ఊపిరి పీల్చుకోడానికి అన్నీ కలిసి పైకొస్తూ, దిగుతూ ఉంటాయి. వాటి కిందే పెద్ద చేప ఉంటుందని గాలం వేసే ప్రతివాడికీ తెలుసు. రబ్బరు కప్పని సరిగ్గా ఆ గుంపు మీదుగా లాగాను. మూడోసారికి నీళ్ళు పేలినట్టయింది. రెండు కిలోల పైనే ఉంటుంది. ఫోటోలు తీసుకున్నాం, కొలిచాం, ఒక వీడియో కూడా. తర్వాత చాలా గర్వంగా, పిల్లలందరూ చూస్తుండగా, జాగ్రత్తగా నీళ్ళలో వదిలేశాను. అమెరికాలో నేర్చుకున్న సంస్కారం మరి!

సొసైటీలో పెద్దాయన ఒకరు పక్కనే వల బాగుచేసుకుంటున్నారు. మా నాన్న స్నేహితుడు, చిన్నప్పట్నుంచీ కాకా అని పిలుస్తాను. అంతసేపూ ఏమీ అనలేదు. వదిలాక మాత్రం అడిగారు:

"ఇడిసినవ్, మంచిగనే ఉన్నది. పిల్లలేవి మరి?"

చూస్తే ఆ ఎర్ర గుంపు లేదు. నీటి మీద చిన్న చిన్న చప్పుళ్ళు మాత్రం వినిపిస్తున్నాయి.

"తల్లీ తండ్రీ కావలుంటేనే అవి బతికేది బిడ్డా. మీరు ఫోటోలు దిగే లోపట పరకలు, జెల్లలు అచ్చి మెక్కినయ్. నువ్వు పట్టుకపోయి వండుకున్నా ఒకటే, ఇడిసినా ఒకటే."

"తెలీదు కాకా" అన్నాను. అది అబద్ధం. నాకు తెలుసు. బాస్ విషయంలో చదివాను కూడా. బాస్‌లో మగది గూడు చేసి, గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాస్తుంది. దాన్ని గాలంతో పైకి లాగితే, తిరిగి వదిలేలోగా బ్లూగిల్ లాంటివి గూటి మీద పడి గుడ్లు ఖాళీ చేస్తాయి. తిరిగొచ్చిన మగచేప కూడా సగం ఖాళీ అయిన గూటిని చాలాసార్లు వదిలేసి వెళ్ళిపోతుంది. పరిశోధకులు నీళ్ళలో దిగి మరీ చూసి రాసిన సంగతులివి. అందుకే కెనడాలోని ఒంటారియోలో చాలా ప్రాంతాల్లో గూళ్ళు పెట్టే కాలంలో, జూన్ సగం దాటేదాకా బాస్ వేట మూసేస్తారు. డాలస్‌లో ఉన్నప్పుడు అది చదివి "అబ్బ, ఎంత బాగా ఆలోచించారో" అనుకున్నవాణ్ణి, మా ఊరి చెరువులో అదే పని చేశాను. ఎందుకంటే ఇక్కడ అడిగేవాడు లేడు.

పోయేముందు కాకా ఇంకో మాటన్నారు: "మీకు ఆట, మాకిది పంట. మొలకల ఎవడన్న గొడ్లను తోల్తడా?"

కారులో హైదరాబాద్ వచ్చేదాకా నేనేం మాట్లాడలేదు. మా వాళ్ళు చేప పోయిందని డీలాపడ్డాననుకున్నారు.

అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను. డాలస్‌లో నేనెందుకు బుద్ధిగా ఉండేవాణ్ణి? అక్కడి నీళ్ళలో ఏదో మహిమ ఉందనా? కాదు. అక్కడ నేను డబ్బు కట్టేవాణ్ణి, నన్ను అడిగేవాడుండేవాడు. టెక్సాస్‌లో ఉండేవాళ్ళకి మంచినీటి చేపల లైసెన్స్ ప్యాకేజీ ఏడాదికి 30 డాలర్లు. రోజుకి ఐదు బాస్‌ల కంటే ఎక్కువ ఉంచుకోకూడదు, మామూలుగా 14 అంగుళాల కంటే చిన్నది అసలే ఉంచుకోకూడదు. డాలస్‌కి తూర్పున లేక్ ఫోర్క్ అని ఒక సరస్సుంది, పెద్ద బాస్‌లకి పేరు మోసింది. అక్కడ రూలు ఇంకో రకం. 16 నుంచి 24 అంగుళాల మధ్యవాటిని వదిలెయ్యాలి. ఒకసారి గేమ్ వార్డెన్ పడవేసుకుని వచ్చి లైసెన్స్ అడిగి, నా చేపల్ని స్కేలు పెట్టి కొలిచి, "హావ్ ఎ గుడ్ డే" చెప్పి వెళ్ళాడు. అరంగుళం తక్కువున్నా జరిమానా రాసేవాడు.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసా? అమెరికాలో 1950లో డింగెల్-జాన్సన్ చట్టం అని ఒకటి చేశారు. గాలాలు, రాడ్లు, రీళ్ళు తయారుచేసేవాళ్ళ దగ్గర పది శాతం పన్ను తీసుకుంటారు. 1984లో సవరించి మోటారు పడవల ఇంధనం మీద పన్నుని కూడా దీనికి కలిపారు. ఆ డబ్బు ఖజానాలో కలిసిపోదు. చేపల సంరక్షణ కోసమే రాష్ట్రాలకి పంచుతారు. 60 శాతం లైసెన్సులున్నవాళ్ళ సంఖ్యని బట్టి, 40 శాతం రాష్ట్రం వైశాల్యాన్ని బట్టి. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. లైసెన్సుల మీద వచ్చిన డబ్బుని వేరే పనులకి మళ్ళించమని రాష్ట్రం ముందే చట్టం చేసుకోవాలి. మళ్ళిస్తే ఈ నిధులకి ఎసరు.

అంటే, సరదాపడేవాడే ఆ సరదాకి ఖర్చు భరిస్తాడు. అదండీ అమెరికా నుంచి తెచ్చుకోవాల్సింది. చేపని కాదు, ఆ చేప వెనకున్న పద్దుని.

మన దగ్గర ఏం జరుగుతోంది? పదిహేను వేల రాడ్డు కొంటాం, పెట్రోలు పోసుకుని వంద కిలోమీటర్లు దాటి వెళ్తాం, దారిలో టిఫిన్‌కి వెయ్యి రూపాయలు వదిలిస్తాం. చెరువు మీద బతికేవాళ్ళకి మాత్రం రూపాయి ఇవ్వం. ఎవరైనా వచ్చి "ఎవర్నడిగి వేస్తున్నర్" అంటే, "మేం పట్టి వదిలేసేవాళ్ళమండీ, తినం" అని వాళ్ళకే పాఠం చెప్తాం. తినడం ఏదో తప్పయినట్టు! వాళ్ళు ఇంటిల్లిపాదీ బతకడానికి పడతారు, మనం ఫోటోకి పడతాం. ఇద్దర్లో ఎవరు ఎవరికి సంజాయిషీ చెప్పాలి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. పెద్ద చట్టాలేవీ అక్కర్లేదు. మన లాంటివాళ్ళు ఒక ఇరవై మంది, ఒక్క చెరువు, ఒక్క సొసైటీ చాలు మొదలుపెట్టడానికి.

ఒకటి, గాలం వేసే ముందు సొసైటీ వాళ్ళని అడగాలి. రోజుకి మనిషికి ఐదొందలో, వాళ్ళెంతంటే అంత, సంఘానికి కట్టి రశీదు తీసుకోవాలి. ఒక మనిషి చేతిలో పెట్టి రావడం కాదు. వద్దంటే మారు మాట్లాడకుండా తిరిగి రావాలి.

రెండు, వానలు మొదలై కొత్త నీళ్ళొచ్చే రోజుల్లో, జూన్ నుంచి ఆగస్టు దాకా, రాడ్లు అటక మీద పెట్టెయ్యాలి. ఆ తర్వాత కూడా ఎర్ర గుంపు కనబడితే ఆ పక్కకి గాలం వెయ్యకూడదు. ఎంత పెద్ద చేప అయినా సరే.

మూడు, కొక్కేనికి ముల్లు నొక్కేసి వాడాలి. ఫోటోకి పది సెకన్లు చాలు. తెగిన నైలాన్ దారం, రబ్బరు ఎరలు అన్నీ ఏరి తెచ్చెయ్యాలి. వాటిలో ఇరుక్కునేది కొంగలూ, సొసైటీ వాళ్ళ వలలూనూ.

నాలుగు, లెక్కల పుస్తకం. ఏ రోజు, ఏ చేప, ఎంత పొడవు, వదిలామా ఉంచుకున్నామా అన్నీ రాయాలి, ఒక కాపీ సొసైటీకివ్వాలి. కావేరిలో ఒక జాతి పోతోందన్న సంగతి అలాంటి పుస్తకమే చెప్పింది. స్ప్రెడ్‌షీట్ పెట్టడం మనకొచ్చిన ఒకే ఒక్క విద్య కదా, అదైనా పనికి రానివ్వండి :)

ఇది చెప్తే గ్రూపులో రెండు అభ్యంతరాలొచ్చాయి.

మొదటిది, "వాళ్ళు వలేసి క్వింటాళ్ళకి క్వింటాళ్ళు లాగుతారు. కొందరైతే కరెంటు పెడతారు, తోటాలు పేలుస్తారు. మనం ఒక్క చేప పట్టి వదిలితే నీకు ఏడుపా?" అని. తోటాలు పేల్చడం, విషం కలపడం 1897 నాటి చట్టం ప్రకారమే నేరం. చేసేవాణ్ణి నేనేమీ వెనకేసుకు రాను. అలాంటివాళ్ళ వల్ల ముందు నష్టపోయేది కూడా సొసైటీ వాళ్ళే. కానీ వల వేసేవాడు అందులో పిల్లలు వదిలినప్పుడు నిలబడ్డాడు, ఎండాకాలం కాపలా కాశాడు, నీళ్ళు తగ్గితే నష్టం భరించాడు. పంట కోసుకునేవాడినీ, చేలో దిగి కంకి తెంపి చూసి పారేసేవాడినీ ఒక గాటన కట్టకండి.

రెండోది, "సొసైటీకి కడితే ఆ డబ్బు నలుగురు పెద్దమనుషులు తినేస్తారు." ఇది కొట్టిపారేసే మాట కాదు. అలాంటి సంఘాలూ ఉన్నాయి. కుల పంచాయతీలు, ఏ చెరువు ఎవరిదన్న తగాదాలూ ఉన్నాయి. రశీదు, పుస్తకం, గోడ మీద రాసిన రేటు, ఈ మూడూ కొంత ఆపుతాయి, మొత్తం ఆపవు. అయినా ఒకటడుగుతాను. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు సరిగ్గా లేవని మెయింటెనెన్స్ కట్టడం మానేస్తున్నామా? లేదు కదా. కట్టి, లెక్క అడుగుతున్నాం. అక్కడా అదే చెయ్యొచ్చు. కట్టనివాడికి అడిగే హక్కే లేదు.

దసరాకి ఊరెళ్ళినప్పుడు కాకాతో ఈ సంగతంతా చెప్పాను. ఆయన, పక్కనున్న ఇద్దరు ముగ్గురు సొసైటీ వాళ్ళు చాలాసేపు నవ్వారు. "పైసలిచ్చి పట్టి, కొలిచి, మల్ల నీళ్ళల్ల ఇడుస్తరా? మీ పట్నపోళ్ళకు ఏమన్న అయిందా?" అన్నారొకాయన. ఇంకొకాయన మాత్రం నవ్వడం ఆపి, "రోజుకెంతమంది అస్తరు?" అని అడిగారు. కాకా "మీటింగుల పెడ్తం, పదిమంది ఒప్పుకుంటె చూద్దం" అన్నారు. నేనేమీ ఒత్తిడి చెయ్యలేదు. చెరువు వాళ్ళది.

మా మిత్రుడికి గ్రూపులో రాసిన జవాబు కూడా ఇక్కడే పెడుతున్నాను: "బాస్ వద్దు, కొర్రమట్ట ఉంది. కానీ వానాకాలం అయ్యాక రా, సొసైటీ ఒప్పుకుంటేనే రా, ఐదొందలు పట్టుకుని రా. స్కేలు నేను తెస్తాను."

ఇంతవరకు బొటనవేళ్ళు రెండే లేచాయి. మొదటిది వాడిదే.